వాడిన నీటికి దారి ఏది?
(ఇంజినీర్ల దినోత్సవం సందర్భంగా విజయనగరంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నాతోపాటు నీటి సరఫరా విభాగంలో ఉద్యోగం చేసి నాకు ముందో వెనకో పదవీ విరమణ చేసిన మిత్రులకు, చోటు చాలక వెనక నిలబడి ఉన్న పాలిటెక్నిక్ విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులకు కృతజ్ఞతలు చెప్పి నేరుగా విషయంలోకి వస్తాను. నాకిచ్చిన అరగంటలో చెప్పవలసినది చాలా ఉంది, అందులో ఒక సంగతి ఇన్నేళ్లుగా నేను ఏ సభలోనూ చెప్పనిది.

ఈ రోజు సెప్టెంబరు 15. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పటానికి ఇప్పుడే పూలమాల వేశాం. ఏటా వేస్తాం, ఏటా కృష్ణరాజసాగరం గురించి, వరదకు తమంత తామే తెరుచుకునే గేట్ల గురించి చెప్పుకుంటాం. ఆయన మురుగుకాలువల ఇంజినీరు కూడా అన్న మాట మాత్రం నేను హాజరైన ఇన్ని సభల్లో ఒక్కరి నోటా వినలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచివేసిన తరువాత నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించినది, అటువంటి వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పమని. ఎగువన జలాశయాలు కట్టమన్నారు. ఆ ఆలోచన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి, వరదను ఆపడానికి కట్టిన కట్టలే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. ఆయన అక్కడితో ఆగలేదు. ఆ నగరానికి భూగర్భ మురుగుపారుదల పథకం కూడా తయారు చేసి ఇచ్చారు. అంతకుముందు 1906లో ఏడెన్ రేవుకు పంపినప్పుడూ ఆయన చేతికి వచ్చిన పని నీటి సరఫరా, మురుగుపారుదల రెండూ కలిపి. తెచ్చిన నీరు వాడిన తరువాత ఎటు పోతుంది అని అడగకుండా ఆయన ఏ పట్టణానికీ నీటి పథకం గీయలేదని నాకు అనిపిస్తుంది. మనం ఆ ప్రశ్న అడగడం మానేశాం. నేటి నా ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్నే.

ఆయన పనుల్లో ఇంకొకటి మన ఊరికి బాగా దగ్గరిది. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి బురదనీటిని వడగట్టే ఫిల్టర్లు కట్టడానికి డబ్బు చాలకపోతే, నదీగర్భంలోనే బావి తవ్వించి, ఇసుక చేతనే నీటిని వడగట్టించారు. మనం తాగిన చంపావతి ఊటబావుల పద్ధతీ అదే. విద్యార్థులు ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. నాగావళికి, వంశధారకు ఉన్నట్టు చంపావతికి ఎగువ రాష్ట్రం లేదు. ఆండ్ర కొండల్లో పుట్టి కోనాడ దగ్గర సముద్రంలో కలిసేదాకా అది మన జిల్లా నదే, కనుక అది ఎండినా చెడినా మరొకరిని అనే వీలు మనకు లేదు. వేసవిలో పైకి చుక్క నీరు కనిపించకపోయినా ఊటబావిలోకి నీరు దిగుతూనే ఉంటుందంటే, ఇసుక పొర దానిని దాచిపెట్టి ఉంచుతున్నదన్న మాట. ఆ ఇసుకే మన జలాశయం, ఆ ఇసుకే మన ఫిల్టరు. బావి పక్కనుంచి ఇసుక ఎత్తుకుపోతున్న ప్రతి లారీ మన ట్యాంకులో ఒక ముక్కను, మన ఫిల్టరులో ఒక ముక్కను కలిపి ఎత్తుకుపోతున్నది. నదిని మేపకుండా పాలు పిండడం ఎన్నాళ్లో సాగదు.

నీటి వనరు సంగతి ఇంతటితో వదిలేస్తాను. దాని గురించి మాట్లాడేవారు ఎందరో ఉన్నారు, ఎందుకంటే నీరు రాకపోతే జనం బిందెలతో రోడ్డు మీదికి వస్తారు. మురుగు పోకపోతే ఎవరూ రోడ్డు మీదికి రారు. ముక్కు మూసుకొని పక్కనుంచి పోతారు.

మన పట్టణ నీటి పథకాలన్నీ కేంద్ర ప్రజారోగ్య, పర్యావరణ ఇంజినీరింగ్ సంస్థ మాన్యువల్ ప్రకారం తయారవుతాయి. భూగర్భ డ్రైనేజీ లేని పట్టణానికి మనిషికి రోజుకు 70 లీటర్లు, డ్రైనేజీ ఉన్న పట్టణానికి, లేదా పెట్టబోతున్న పట్టణానికి 135 లీటర్లు అని నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం మా బల్ల మీద ఉన్న ఆ పుస్తకంలో ఉండేది. ఈ తేడా ఊరికే పెట్టినది కాదు. వాడిన నీటికి దారి వేసిన తరువాతే ఎక్కువ నీరు తెచ్చుకొమ్మని దాని అర్థం. మనం ఏం చేశామో ఈ హాల్లో ఉన్న నా సహోద్యోగులకు తెలుసు. అంచనాలో 135 వేసుకున్నాం, ట్యాంకులు, పైపులు, మోటార్లు ఆ లెక్కన కట్టుకున్నాం, నిధులు చాలవనే మాట వచ్చినప్పుడు కొట్టివేయడానికి మొదట కనిపించినది డ్రైనేజీ భాగమే. లక్ష జనాభాకు 135 లెక్కన రోజుకు 1 కోటి 35 లక్షల లీటర్లు ఊళ్లోకి వస్తాయి. అందులో 80 శాతం మురుగై తిరిగి వస్తుందని లెక్క కడతాం కనుక, 1 కోటి 8 లక్షల లీటర్లు ప్రతి రోజూ, ఆదివారమైనా పండగైనా, ఎక్కడికో ఒకచోటికి పోవాలి. మన విజయనగరం 2011 లెక్కల నాటికే 2 లక్షల 28 వేలు దాటింది. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు కనుక ఆ పాత అంకెనే సాగదీస్తూ 30 ఏళ్ల తరువాతి జనాభాను ఊహిస్తున్నాం. ఈలోగా భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి దారి పొడవునా లేఅవుట్లు పడుతున్నాయి. వాటి కరపత్రాల్లో నలభై అడుగుల రోడ్డు ఉంటుంది, విద్యుత్ స్తంభాలు ఉంటాయి, పార్కు ఉంటుంది. మురుగు ఏ గెడ్డలో, అంటే ఏ వాగులో, కలుస్తుందో రాసిన కరపత్రం నాకింతవరకు కనిపించలేదు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది చెబుతాను. ఇది మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని ఒక పట్టణంలో జరిగినది. ఊరి పేరు చెప్పను. ఆ అంచనా మీద ఉన్న సంతకాల్లో ఒకటి నాది, అంతవరకు చాలు.

కొత్త వాటర్ ట్యాంకు నుంచి చెరువు గట్టు కింద ఉన్న ఒక వీధికి ఇంటింటి కుళాయిలు ఇచ్చాం. ఎనభై గడపల వీధి. అప్పటిదాకా వాళ్లకు వీధి చివర ఒక్క బోరింగు. మెయిన్ పైపు రోడ్డు అంచున ఉంది, రోడ్డుకూ ఇళ్లకూ మధ్య మురుగుకాలువ ఉంది. ఇంట్లోకి వచ్చే అరంగుళం పైపు ఆ కాలువను దాటాలి. కాలువ మీదుగా తీసుకుంటే కాళ్లకు తగులుతుంది, అడుగునుంచి తీసుకుంటే తవ్వాలి, తొడుగు గొట్టం వేయాలి, మళ్లీ సిమెంటు చేయాలి. ఆ తొడుగు గొట్టం ఖర్చు అంచనాలోంచి కొట్టేశారు, నేను ఒప్పుకున్నాను. అన్ని ఊళ్లలో చేస్తున్నట్టే కాలువ గోడకు కన్నం పెట్టి మురుగులోంచే పైపు లాగాం. నీళ్లు వదిలిన రోజు ఆ వీధి ఆడవాళ్లు కుళాయి మెడకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఒక ముసలమ్మ నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషించిన రోజు మరొకటి లేదు.

నాలుగేళ్లు గడిచాయి. ఇళ్లలోకి నీరు వచ్చింది కనుక మరుగుదొడ్లు కట్టుకున్నారు, సెప్టిక్ ట్యాంకులు నిండి, పొర్లిన నీరు అదే కాలువలోకి దిగింది. ఇనుప పైపు మురుగులో నాని చిల్లులు పడింది. నీటిని రోజుకు ఒక గంట వదిలేవాళ్లం. పైపులో ఒత్తిడి ఉన్న ఆ గంట లోపలి నీరు బయటికి కారుతుంది, మిగిలిన ఇరవై మూడు గంటలు బయటి మురుగు లోపలికి దిగుతుంది. కుళాయికి మోటారు బిగించి గుంజితే మరీ వేగంగా దిగుతుంది. ఆ శ్రావణ మాసంలో వీధి వీధంతా వాంతులు, విరేచనాలతో పడిపోయింది. నేను ఫిట్టరును వెంటబెట్టుకొని ఓటీ (ఆర్థోటోలిడిన్) అనే పరీక్ష మందు సీసాతో వెళ్లాను. తెలియనివారి కోసం చెబుతున్నాను: గాజు గొట్టంలో కుళాయి నీరు పట్టి ఆ మందు చుక్కలు వేస్తే, నీటిలో క్రిములను చంపే క్లోరిన్ ఉన్నట్టయితే పసుపు రంగు వస్తుంది. చిట్టచివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర చిక్కని పసుపు వచ్చింది. ఆ వీధి కుళాయిల్లో ఒక్కదాని దగ్గరా రాలేదు. ముసలమ్మ ఇంటి కుళాయి మెడకు మాత్రం పసుపు ఉంది, మొన్నటి పండగకు రాసినది.

ఆ ఇంట్లో ఆరేళ్ల మనవరాలు అంతకు ముందు రోజే పోయింది. ముసలమ్మ నన్ను తిట్టలేదు. “బోరింగు నీల్లు ఉప్పగున్నాయని తిట్టుకున్నాం గానీ బాబూ, ఆ నీల్లు తాగి ఎవులూ పోనేదు” అన్నది. అని, నన్ను కూర్చోమని పీట వాల్చింది.

క్షమించాలి. ఒక్క నిమిషం.

ఇది ఎప్పటి కథో, ఇప్పుడు కాలం మారిందని ఎవరైనా అనుకుంటే, 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్లలో అతిసారం ప్రాణాలు తీసిన సంగతి తలచుకోండి. ఇక్కడ కూర్చున్న మీ అందరినీ ఒక్కటే అడుగుతున్నాను: మీ ఇంటి కుళాయి పైపు మురుగుకాలువను ఎక్కడ, ఎలా దాటుతున్నదో ఎంతమంది చూశారు? చేతులెత్తండి. మీ ఇంటి సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకొకసారి తీయించాలి. ఆఖరిసారి ఎప్పుడు తీయించారు? తీసుకుపోయిన బండి ఆ మలాన్ని ఎక్కడ పారబోసిందో అడిగారా? ఊరి చివర గెడ్డలోనా, ఎవరి పొలం పక్కనా? ఆ గెడ్డ కిందికి పోయి ఏ నదిలో కలుస్తుందో, ఆ నది ఒడ్డున ఏ ఊరి ఊటబావి ఉందో కూడా చెప్పగలగాలి మనం. మనది పట్టణం అయిన పాపానికి మన దిగువ పల్లె మన మలం తాగనక్కరలేదు.

ఉద్దానం ప్రజలకు కిడ్నీ జబ్బుల బాధ నుంచి ఊరట కలగాలని వంశధార నీటిని హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చి 2023 డిసెంబరులో ప్రారంభించినప్పుడు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. సుమారు 700 కోట్ల రూపాయల పథకం అది, చేయవలసిన పనే. అయితే ఆ నీరు చేరిన పలాస-కాశీబుగ్గ వంటి పట్టణంలో దానిని వాడిన తరువాత ఎటు పంపుతారన్న ప్రశ్న అంత పెద్దగానూ అడగాలి. శ్రీకాకుళం ఊరి మధ్యనుంచే నాగావళి పోతున్నది. పైన తోడుకొని కింద వదలడానికి అంతకంటె సులువైన ఊరు ఉండదు, ఆ సులువే ప్రమాదం.

దీర్ఘకాలిక ప్రణాళిక అంటే నా దృష్టిలో పల్లం నుంచి మొదలయ్యేది. ముందు ఊరి లెవెల్సు, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు, తీయాలి. వాన నీరు ఏ గెడ్డ గుండా ఎటు పోతున్నదో పటం గీయాలి. ఊరికి అడుగున, పల్లంలో, మురుగు శుద్ధి కేంద్రానికి కావలసిన భూమిని ఇప్పుడే, ధర పెరగకముందే, లేఅవుట్ పడకముందే తీసి పక్కన పెట్టాలి. ఆ తరువాత ప్రధాన మురుగు గొట్టాలు, ఆ తరువాత ట్యాంకు. ట్యాంకు ప్రారంభోత్సవానికి అయిదేళ్లు ఆలస్యమైతే కావచ్చు. మోటార్లకు 15 ఏళ్లు, పైపులకు 30 ఏళ్లు ఆయుష్షు అని లెక్క వేసుకునే మనం, భూమి ఒకసారి చేయి జారితే ఎన్నేళ్లకూ తిరిగి రాదని ఏ లెక్కలోనూ వేసుకోవడం లేదు. అంతవరకు సెప్టిక్ ట్యాంకులే దిక్కు గనుక, వాటిని వంతుల ప్రకారం మునిసిపాలిటీయే తీయించి, ఆ మలాన్ని శుద్ధి చేయాలి. ఇటువంటి కేంద్రం నరసాపురంలో పెట్టి చూపించారు. ఆ పనికి యంత్రం దిగాలి, మనిషి దిగకూడదు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. కుళాయి పైపును మురుగులోంచి లాగడాన్ని మాత్రం రేపటి నుంచే ఆపవచ్చు. దానికి ఏ ప్రపంచ బ్యాంకు అప్పూ అక్కరలేదు, తొడుగు గొట్టం ఖర్చును కొట్టివేయని ఒక ఇంజినీరు చాలు.

వచ్చే నెల సిరిమానోత్సవం. పైడితల్లి అమ్మవారు దొరికినది మన పెద్ద చెరువులో, తెప్పోత్సవం జరిగేదీ అందులోనే. ఆ చెరువు నీటిని చేత్తో తాకి నుదుట రాసుకోవడానికి మనలో ఎంతమందికి ధైర్యం ఉందో ఎవరికి వారే చెప్పుకోవాలి.

సమయం మించిందని అధ్యక్షులు చూపిస్తున్నారు, ముగిస్తాను. విద్యార్థులకు ఒక మాట. వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు గంటస్తంభం దగ్గర ఉంటాను. అక్కడి నుంచి మురుగుకాలువ వెంట పల్లానికి నడుచుకుంటూ పోయి, ఎన్ని కుళాయి పైపులు మురుగులోంచి పోతున్నాయో లెక్క రాద్దాం, దారిలో చివరి కుళాయిల దగ్గర నీరు పట్టి చూద్దాం. ఓటీ సీసా, పది గాజు గొట్టాలు నేను తెస్తాను. మీరు నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి.