గుడ్ల మీద గెంతే చుక్కలు

శ్రోతలకు నమస్కారం.

కోళ్ళున్న ఇంట్లో పెరిగినవాళ్ళకు కోడిపేల గురించి చెప్పక్కర్లేదు. పొదిగే కోడి గంపలో చెయ్యి పెడితే చాలు, మోచేతిదాకా పాకేస్తాయి. ఆ జ్ఞాపకమే ఒకసారి నా చేత పెద్ద పొరపాటు చేయించబోయింది.

కొన్నేళ్ళ కిందట ఒక ఇంటి పునాది తవ్వుతుంటే జెర్రిపోతు గుడ్లు బయటపడ్డాయి. పన్నెండు గుడ్లు, ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా ఉన్నాయి. తల్లి జాడ లేదు. అక్కడే కప్పేద్దామంటే తెల్లారితే కాంక్రీటు పోస్తారు. జెర్రిపోతుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు ఇంటికి తెచ్చుకోకూడదు. అటవీ శాఖవాళ్ళకు చెప్పి, వాళ్ళు సరేనన్నాకే, ప్లాస్టిక్ డబ్బాలో తడిపి పిండిన కొబ్బరి పొట్టు పరిచి ఆ ముద్దను అలాగే దించాం. పైవైపు ఏదో తెలియడానికి ఒక్కో గుడ్డు మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టాం.

మూడు వారాలకు మూత తీసి చూస్తే గుడ్ల మీద తెల్లటి చుక్కలు కదులుతున్నాయి. గసగసాల గింజంత కూడా లేవు. మా ఇంట్లో పెద్దావిడ తొంగి చూసి, "కోడిపేలురా నాయనా! కాస్త బూడిద చల్లు, లేదా వేపాకు పొగ వెయ్యి" అంది. నాకూ టెన్షన్ పట్టుకుంది. బూడిద చేతిలోకి తీసుకున్నాను కూడా. ఎందుకో ఆగి, భూతద్దం పట్టుకుని పుల్లతో ఒక చుక్కను తాకాను.

పేనైతే పాకాలి. ఇది టప్పున ఎగిరి ఎటో మాయమైంది.

వీటిని స్ప్రింగ్‌టెయిల్స్ అంటారు. పొట్ట కింద చీలిన పుల్ల లాంటి అవయవం ఒకటి మడతపడి కొక్కేనికి తగులుకుని ఉంటుంది. భయం వేస్తే కొక్కెం ఊడుతుంది, పుల్ల నేలను తంతుంది, పురుగు గాల్లో ఉంటుంది. శాస్త్రం ప్రకారం ఇప్పుడు వీటిని కీటకాలనడం కూడా కుదరదు. ఆరు కాళ్ళున్నా, నోటి భాగాలు తల లోపలికి ముడుచుకుని ఉంటాయని వేరే వర్గంలో పెట్టారు. మనకైతే పురుగే. స్కాట్లాండ్‌లోని రైనీ దగ్గర రాతిలో దొరికిన వీటి శిలాజం వయసు సుమారు 40 కోట్ల ఏళ్ళు. అంటే భూమ్మీద మొదటి సరీసృపం గుడ్డు పెట్టేనాటికే ఇవి తడిమట్టిలో కాపురం ఉన్నాయి.

వీటి తిండి బూజు, కుళ్ళిన ఆకూ అలమూ. మా డబ్బాలోకి కొబ్బరి పొట్టుతోనే వచ్చి ఉంటాయి. సరిగ్గా చూస్తే అన్ని గుడ్ల మీదా లేవు. ఒక మూల పసుపు రంగుకు తిరిగి సొట్టబోయిన గుడ్డు మీద బూజు పట్టింది, మంద అంతా అక్కడే మేస్తోంది. పక్కనున్న బిగువైన గుడ్ల జోలికి పోలేదు.

బూడిద చల్లి ఉంటే? పాము గుడ్డుది కోడిగుడ్డులాంటి గట్టి పెంకు కాదు, తోలు లాంటిది. చుట్టూ ఉన్న తడిని పీల్చుకుంటూ గుడ్డు ఉబ్బుతుంది. ఆ తడిని బూడిద లాగేసుకునేది. ఇక గుడ్లను బయటకు తీసి కడగడం, తుడవడం ఇంకా ప్రమాదం. కోడి తన గుడ్లను తానే దొర్లిస్తుంది. పాము గుడ్డులో పిండం పైవైపు పెంకును అంటుకుని పెరుగుతుంది, తలకిందులైతే లోపలే చచ్చిపోవచ్చు. పెన్సిల్ గీత అందుకే.

అన్ని చిన్న పురుగులూ ఇంత మంచివి కావు. వీపు గూనిగా ఉండే రెండు మూడు మిల్లీమీటర్ల ఈగ ఒకటుంది, ఫోరిడ్ ఈగ. తరిమితే ఎగరకుండా ఆగి ఆగి పరుగెడుతుంది, చూడగానే గుర్తుపట్టొచ్చు. కుళ్ళు వాసన పట్టుకుని వచ్చి గుడ్లు పెడుతుంది. దాని పురుగులు చచ్చిన గుడ్డుతో మొదలెట్టి, పగులున్న పక్క గుడ్డులోకీ దూరగలవు. పిల్ల పెంకు చీల్చే రోజుల్లో అసలు భయం. అందుకని గాలి చిల్లులకు పల్చటి గుడ్డ కట్టాం. పాడైన గుడ్డును ఊడదీయాలని చూశాం కానీ పక్కదాని పెంకు సాగుతుంటే వదిలేశాం. సైప్రస్ తీరంలో సముద్ర తాబేళ్ళ గూళ్ళు తవ్వి చూసినవాళ్ళకు కూడా ఈగల పురుగులు ఎక్కువగా చచ్చినవాటిలో, బలహీనమైనవాటిలోనే కనిపించాయి.

అసలు అడవిలో ఏ గుడ్డుకు ఇంత శుభ్రత దొరికింది? తూర్పు కనుమల్లో గిరినాగు ఆకులన్నీ పోగేసి గూడు కట్టి, ఆ కుళ్ళే ఆకుల మధ్యే గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. ఆ ఆకుల్లో ఇలాంటివి ఎన్ని ఉంటాయో లెక్క పెట్టడం ఎవరి తరం?

రెండు నెలలు దాటాక ఒక పొద్దున్న ఒక గుడ్డు మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలిక కనిపించింది. సాయంత్రానికి అందులోంచి తల బయటికొచ్చింది, కళ్ళు తలకు మించి పెద్దవి. కదలకుండా మా వైపే చూస్తోంది. ఒక తెల్ల చుక్క పెంకు మీంచి ఎక్కి, దాని ముక్కు మీద కాసేపు నిలబడి, టప్పున గెంతేసింది.