కాపీ అప్లికేషన్ ఎలా పెట్టాలి? మధ్యలో కోడిపందెం

పద్మ: నమస్కారమండీ. నర్సాపురం నుంచి మళ్లీ మేమే. ఇవాళ బాబాయ్ తన కుర్చీ తనే తెచ్చుకున్నారు.

బాబాయ్: ఆయ్. పోయినసారి జరిగింది చాలు.

పద్మ: దాని ఊసెత్తొద్దని మన రికార్డింగు చూసే చిన్నా అద్దం అవతల నుంచి దణ్ణం పెడుతున్నాడు. సరే. ఇవాళ్టి సంగతి ఏంటంటే, మన కోర్టుల్లో ఉన్న కేసు ఎంతవరకు వచ్చిందో మామూలు మనిషి ఎలా చూసుకోవాలి, కేసు కాగితాల కాపీ కావాలంటే ఎవరిని అడగాలి. బాబాయ్ కోర్టులో కాపీలు రాసే కాపీయిస్టుగా చేరి, ఆఫీసు చూసుకునే శిరస్తాదారుగా రిటైరయ్యారు కాబట్టి వేరే గెస్టు అక్కర్లేదు.

బాబాయ్: గెస్టుకైతే టీ ఇస్తారు. ముందు ఒక్కటి చెప్పేస్తాను. కోర్టు కాపీ చేతికి రాగానే వెనక పేజీ తిప్పి చూడండి.

పద్మ: అప్పుడే వెనక పేజీ వచ్చేసిందా!

బాబాయ్: వస్తుంది మరి. జనానికి దాని విలువ...

పద్మ: వస్తాం, అక్కడికే వస్తాం. ముందు ఫోన్లో చూసుకునేది చెప్పేద్దాం. ఈకోర్ట్స్ అని సైటుంది, యాప్ కూడా ఉంది. పైసా కట్టక్కర్లేదు. ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే సీఎన్ఆర్ నంబరు తెలిస్తే అది కొడితే చాలు, అంకెలూ అక్షరాలూ కలిపి 16 ఉంటాయి. కేసు ఏ కోర్టులో ఉంది, వాయిదా ఎప్పుడు, వకీలు ఎవరు, ఇదివరకటి వాయిదాల్లో ఏం జరిగింది అన్నీ వస్తాయి. అది లేకపోతే కేసు నంబరుతోనో, ఎఫ్ఐఆర్ నంబరుతోనో, పార్టీ పేరుతోనో వెతకొచ్చు.

బాబాయ్: జిల్లా దగ్గరే జనం తికమక పడతారు. 2022లో మన జిల్లాలు విడగొట్టారు కదా. కలెక్టరాఫీసులు పెరిగాయి గానీ కోర్టు జిల్లాలు అప్పుడు మారలేదు. అమలాపురం వాళ్లు సైట్లో కోనసీమ జిల్లా కోసం వెతికితే దొరకదు. తూర్పుగోదావరి నొక్కి, ఆ తర్వాత అమలాపురం కోర్టు నొక్కాలి. భీమవరం, తణుకు వాళ్లకి పశ్చిమగోదావరి.

పద్మ: పేరుతో వెతికితే కనీసం మూడక్షరాలు కొట్టాలి, ఏడాది ఇవ్వాలి. కేసు నడుస్తోందా, అయిపోయిందా అన్నది కూడా ఎంచుకోవాలి. అన్నట్టు, పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగులో ఉంటాయి.

బాబాయ్: అన్నవరం స్వామి దయవల్ల మన డెల్టాలో వీధికి నలుగురు వీర వెంకట సత్యనారాయణలు. ఒక గుమాస్తా వి.వి.ఎస్.ఎన్. అని ఎక్కిస్తాడు, ఇంకొకరు పేరంతా కొడతారు, ఇంకొకరు సత్యలో ఓ హెచ్ దూరుస్తారు. అందుకని ఇంటిపేరు మొదటి నాలుగక్షరాలు కొట్టి, వచ్చిన జాబితా ఓపిగ్గా చదువుకోవాలి.

పద్మ: జాబితా అంటే గుర్తొచ్చింది. ఒకావిడ ఉత్తరం రాశారు. అత్తిలి అవతల ఊరు, పేరు చెప్పను. చదువుతున్నా. "మా అమ్మాయికి భీమవరం వైపు సంబంధం వచ్చింది. కుర్రాడు బాగున్నాడు, చెరువులున్నాయి. తాంబూలాలకి ముందు మా చిన్నవాడు సైట్లో పేరు కొడితే కేసు కనిపించింది. సంబంధం ఆపేశాం. వాళ్లు కారణం అడుగుతున్నారు. చెప్పాలా?"

బాబాయ్: ఏం కేసు?

పద్మ: ఎస్.టి.సి., అంటే చిన్న నేరాల కేసు. గేమింగ్ యాక్టు, జూదం చట్టం. జనవరిలో పెట్టినది.

బాబాయ్: (నవ్వుతూ) భీమవరం వైపు, జనవరి నెల, గేమింగ్ యాక్టు. అమ్మా, దాన్ని కేసంటారా? సంక్రాంతి అంటారు.

పద్మ: నవ్వకండి. 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది. కోడిపందేలు ఆపమని హైకోర్టు చెప్పింది కూడా.

బాబాయ్: చెప్పింది, కాదనను. కానీ బరి చుట్టూ ఎంతమంది నిలబడతారు, కేసు ఎంతమంది మీద పడుతుంది? పరిగెత్తలేనివాడి మీద పడుతుంది. పరుగు రాకపోవడం పెళ్లికి అడ్డమా?

పద్మ: పేకాట కేసు కూడా అదే చట్టం కింద పడుతుంది బాబాయ్. సంక్రాంతికి ఒక్కసారి పందెం కాసినవాడో, ఏడాది పొడుగునా పేకలో పొలం పెట్టేవాడో పిల్ల తల్లికి ఎలా తెలియాలి?

బాబాయ్: సైటు చూస్తే తెలిసిందా? అక్కడ ఏముందో చెప్పు. ఒక పేరు, "అండ్ అదర్స్" అని ఒక ముక్క. కింద కేసు ఎలా ముగిసిందో ఒక గడి ఉంటుంది, అది చూశారా ఆవిడ? ఒప్పుకుని జరిమానా కట్టాడా, కొట్టేశారా? అసలు ఆ పేరు ఆ కుర్రాడిదేనా? తండ్రి పేరు లేదు, ఊరు లేదు. ఆ పేరుగలవాళ్లు ఒక్క ఉండి ఊళ్లోనే పదిమంది ఉంటారు.

పద్మ: అది నిజమే. ఆ గడి సంగతి ఉత్తరంలో లేదు.

బాబాయ్: చూశావా! కొట్టేసిన కేసు కూడా సైట్లో అలాగే కూర్చుంటుంది. నిర్దోషి అని జడ్జి గారు రాసినా సరే, పేరు కొట్టగానే ముందు కనపడేది కేసు నంబరే.

పద్మ: మరి కోర్టు తలుపులు జనానికి తెరిచి ఉండాలని రోజూ చెప్పేది మీరే కదా?

బాబాయ్: ఇప్పుడూ అదే అంటాను. ఎవరైనా వచ్చి హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని వినొచ్చు. కాకపోతే దానికి ఒక పూట పోతుంది, బస్సు చార్జీ పోతుంది, బెంచి క్లర్కు చేత రెండు మాటలు పడాలి. ఆ కష్టమే ఒక జల్లెడ. అవసరమున్నవాడే వస్తాడు. ఇప్పుడు టీ తాగుతూ పక్కింటివాడి పేరు కొట్టి చూస్తున్నారు.

పద్మ: ఆ జల్లెడ ఎవరిని ఆపేదో మీకూ తెలుసు. వకీలు గుమాస్తా తెలిసినవాడిని ఎప్పుడూ ఆపలేదు. నల్లకోటు చూస్తేనే కాళ్లు వణికే ఆడమనిషిని ఆపేది. ఇప్పుడు ఆవిడ కొడుకు ఫోన్లో నొక్కి చూస్తుంటే మీకు కష్టంగా ఉందా?

బాబాయ్: నాకు కష్టమని కాదమ్మా...

పద్మ: పందెం కేసు వదిలేయండి. ఎం.సి. అని ఉంటుంది, మనోవర్తి కేసు. డి.వి.సి. అని ఉంటుంది, గృహహింస. మొదటి పెళ్లి దాచి రెండో పెళ్లికి వచ్చేవాడి బండారం బయటపడేది ఆ నంబర్ల దగ్గరే. రాణక్క పెళ్లప్పుడు ఈ సైటు ఉంటే?

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

బాబాయ్: దాని సంగతి ఇక్కడెందుకమ్మా.

పద్మ: పేరు మార్చే చెప్పాను లెండి. ఇంకెవరో మొదటి భార్య ఉందని, ఆవిడకి మనోవర్తి బాకీ పడ్డాడని పాప పుట్టాక తెలిసింది. ఆ కేసు నాలుగు ఊళ్ల అవతల కోర్టులోనే నడుస్తోంది. పెద్దలందరూ వెళ్లి పొలం చూశారు, ఇల్లు చూశారు, గేదెల్ని కూడా లెక్కపెట్టారు.

బాబాయ్: ...గేదెలు కూడా వాళ్లవి కావు.

పద్మ: (నవ్వి) కావు.

బాబాయ్: సరే. చూడొద్దని నేననను. చూసినదాన్ని పూర్తిగా చూడమంటాను. చట్టం కూడా కొన్నిటిని మూసే ఉంచింది. అత్యాచారం కేసులో బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం. పిల్లల కేసుల్లోనూ అంతే. మిగతావి చాలావరకు బహిరంగమే, కాబట్టి చూసేవాడికే బాధ్యత ఉండాలి. ఆవిడకి నా సలహా, ఆ కుర్రాణ్ణే నేరుగా అడగమను. "బాబూ, ఈ నంబరు నీదేనా?" అని. నీళ్లు నమిలాడంటే కాపీ తెప్పించుకోమను. తెప్పించుకున్నాక వెనక పేజీ...

పద్మ: ఆవిడకి అప్పీలు అక్కర్లేదు బాబాయ్, అల్లుడు కావాలి! సరే, కాపీ అన్నారు కాబట్టి అది చెప్పేయండి. టైము కూడా అయిపోతోంది.

బాబాయ్: సైట్లో తీర్పు దించుకుంటే చదువుకోవడానికి పనికొస్తుంది. బ్యాంకులోనో, ఇంకో కోర్టులోనో పెట్టాలంటే ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ కావాలి. కేసులో పార్టీ అయితే ఫారం నింపి, ఫీజు స్టాంపు అంటించి, కాపీ సెక్షన్లో ఇస్తే సరిపోతుంది. తీర్పా, డిక్రీయా, సాక్షి వాంగ్మూలమా అన్నది విడివిడిగా రాయాలి. "కేసు కాగితాలన్నీ" అని రాస్తే తిప్పి పంపుతారు. కేసుతో సంబంధం లేనివాళ్లయితే ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్ పెట్టాలి. జడ్జి గారు సరేనంటే ఇస్తారు.

పద్మ: సమాచార హక్కు కింద అడగొచ్చా అని కనీసం పదిమంది అడిగారు.

బాబాయ్: తీర్పులు, కేసు కాగితాలకి అది పనికిరాదు. కోర్టు నిబంధనల దారిలోనే రావాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చేసింది, గుజరాత్ హైకోర్టు కేసులో. కోర్టులో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఎంత ఖర్చయింది లాంటివి మాత్రం ఆ చట్టం కింద అడుక్కోవచ్చు.

పద్మ: ఇక కానివ్వండి. వెనక పేజీ.

బాబాయ్: అమ్మయ్య! అప్లికేషన్ ఇవ్వగానే సి.ఎ. నంబరు, అంటే కాపీ అప్లికేషన్ నంబరు పడుతుంది. పేజీలు లెక్కేసి, చార్జీలు కట్టమని నోటీసు బోర్డు మీద జాబితా అంటిస్తారు. ఇంటికొచ్చి ఎవరూ చెప్పరు. వెళ్లి చూసుకోవాలి, గడువులో కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు. కాపీ తయారయ్యాక దాని వెనక వరసగా తేదీలు వేస్తారు. అప్లికేషన్ పెట్టినది, చార్జీలు అడిగినది, కట్టినది, కాపీ సిద్ధమైనది, చేతికిచ్చినది. సివిల్ కేసుల్లో జిల్లా కోర్టుకి అప్పీలంటే గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90. కాపీ తయారవడానికి పట్టిన రోజుల్ని ఆ గడువులోంచి తీసేస్తారు, లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్. కానీ చార్జీలు అడిగాక మీరు నాన్చిన రోజులు, కాపీ సిద్ధమయ్యాక మీరు రాని రోజులు మీ నెత్తిమీదే పడతాయి. ఎకరాలకి ఎకరాలు ఆ తేదీల దగ్గర పోయాయమ్మా. నా చేత్తో వేశాను ఆ తేదీలు, నాకు తెలుసు.

పద్మ: ఇన్నాళ్లకి మొత్తం చెప్పనిచ్చాం, రాసుకో చిన్నా. ఇంకోటి, ముమ్మిడివరం నుంచి ఒకాయన. "కొబ్బరితోట కొంటున్నాను, ఈసీ తీస్తే శుభ్రంగా ఉంది. కోర్టు కూడా చూడాలా?"

బాబాయ్: చూడాలి, తప్పకుండా చూడాలి. ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అందులో రిజిస్టరైన కాగితాలే కనపడతాయి. అన్నదమ్ములు పంపకం దావా వేసుకుంటే అది ఈసీలో పడాలని లేదు. దావా నడుస్తుండగా కొంటే తీర్పు కొన్నవాడికీ వర్తిస్తుంది, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్. అమ్మేవాడి పేరుతోపాటు వాళ్ల నాన్న పేరూ, అన్నదమ్ముల పేర్లూ కొట్టి చూడాలి. సర్వే నంబరుతో వెతికే వీలు అక్కడ లేదు.

పద్మ: చివరగా యానాం నుంచి. "మా కేసు తూర్పుగోదావరిలో ఎంత వెతికినా రావట్లేదు."

బాబాయ్: ఎలా వస్తుంది? చుట్టూ మన జిల్లానే గానీ ఆ కోర్టు పుదుచ్చేరిది, పైన మద్రాసు హైకోర్టు. రాష్ట్రం దగ్గర పుదుచ్చేరి ఎంచుకోమను. అసలు యానాం సంగతి వేరమ్మా. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలన. ఇక్కడ శారదా చట్టం వచ్చి చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆపితే, జనం బళ్లు కట్టుకుని యానాం వెళ్లి...

పద్మ: బాబాయ్, మళ్లీ పెళ్లిళ్లలోకి వెళ్లొద్దు. సఖినేటిపల్లికి ఆఖరి పంటు వెళ్లిపోతే ఈ రాత్రికి మీ ఇంట్లోనే పడుకోవాలి.

బాబాయ్: పడుకో. మీ పిన్ని పులస తెచ్చింది.

పద్మ: ఈ నెలలో పులసా? ఎవరు అంటగట్టారు పిన్నికి?

బాబాయ్: అదే నేనూ అడిగాను. ఇలస కాదు, పులసేనని ఒట్టేశాడట వాడు...