కంచె లోపల చిక్కిన దుప్పి

అందరికీ నమస్కారం. ‘అడవి జంతువులు బళ్ల కింద పడకుండా రోడ్డుకు రెండు పక్కలా కంచె వేస్తే అయిపోతుంది కదా సార్’ అని ఇందాక వెనక బెంచీలోంచి ఒకబ్బాయి అడిగాడు. అక్కడినుంచే మొదలుపెడతాను.

కెనడాలో బాన్ఫ్ నేషనల్ పార్కు మధ్య నుంచి ట్రాన్స్-కెనడా హైవే పోతుంది. 1980లలో అక్కడ కంచె వేయడం మొదలుపెట్టారు. ఎత్తు 2.4 మీటర్లు. తోడేళ్లు అడుగున తవ్వుకుని రాకుండా నేలలోకి కూడా జాలీ పాతారు. జంతువుల్ని బళ్లు గుద్దడం 80 శాతానికి పైగా తగ్గింది. దుప్పులు, జింకల వరకైతే 96 శాతం.

బాగానే ఉంది. కానీ పక్క ఊళ్లకు దారి చీలే చోట కంచె ఆపక తప్పదు. అక్కడ రోడ్డుకు అడ్డంగా గుంత తీసి, మీద ఇనుప గొట్టాలు పరుస్తారు. మన దగ్గర ఆఫీసుల గేట్ల ముందు గేదెలు రాకుండా వేస్తారే, అదే. గిట్టల జంతువు దాని మీద కాలు పెట్టదు. ఎలుగుబంటిది వెడల్పాటి పాదం, నింపాదిగా దాటేస్తుంది.

ఎలాగోలా ఒక దుప్పి లోపలికి వచ్చిందనుకోండి. లారీల హారన్లు, లైట్లు. కంచె వెంట అటూ ఇటూ పరుగు. రాకుండా వేసిన కంచే ఇప్పుడు దాన్ని పోనివ్వదు. అందుకని రోడ్డు వైపు వాలుగా మట్టిదిబ్బ పోస్తారు, అడవి వైపు నిటారుగా గోడ కడతారు. దుప్పి దిబ్బెక్కి అవతలికి దూకేస్తుంది, తిరిగి రాలేదు. గోడ పొట్టిదైతే అటు నుంచి ఎగిరి వచ్చేస్తుంది, మరీ ఎత్తయితే ఇటు నుంచి దూకడానికి జంకుతుంది. అంతా ఆ ఎత్తులోనే ఉంది. ఫొటోలన్నీ జంతువులు రోడ్డు దాటడానికి కట్టి, చెట్లు పెంచిన వంతెనలకే తీస్తారు గానీ, నాకైతే ఈ దిబ్బే ముచ్చటేస్తుంది.

వంతెనలూ కావాలి లెండి. బాన్ఫ్‌లో రోడ్డు పైన 6, కింద 38 దారులున్నాయి. గ్రిజ్లీ ఎలుగులు వాటికి అలవాటు పడడానికి ఏళ్లు పట్టింది. మన హైదరాబాద్ మీదుగా పోయే 44వ నంబరు హైవేనే మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులోని పెంచ్ అడవిలో స్తంభాల మీద నడుస్తుంది. కింద నుంచి పులులు వెళ్లడం కెమెరాల్లో పడింది. శ్రీశైలం దారిలో అవేవీ లేవు, రాత్రి 9కి మన్ననూరు దగ్గర బళ్లు అడవిలోకి పోకుండా గేటు వేస్తారు, పొద్దున 6కి తీస్తారు.

సరే, ఆ దిబ్బ బోర్డు మీద గీస్తాను. గోడ ఎత్తు ఎంత పెట్టమంటారో ముందు మీరు చెప్పండి.