‘ఆయప్ప అదో రకంలే!’

(తెర మీద: దామలచెరువు మామిడి మండీ, కాయల కుప్పలు)

మండీలో ఏ కుప్ప చూపించి ‘ఇదేం రకం?’ అన్నా తోతాపురి, బేనీషా, నీలం అని టక్కున చెప్తారు. అక్కడే ఓ మనిషి గురించి అడగండి. ‘ఆయప్ప అదో రకంలే’ అంటారు. ఆయప్ప అంటే ఆయన. ఏ రకమో చెప్పరు. పేరు దొరకలేదు కాబట్టే ‘అదో’!

అది, ఒక కలిస్తే అదో. ‘రకం’ ఉర్దూ ‘రఖమ్’ నుంచి వచ్చింది. ఆయప్పకైనా ఆయమ్మకైనా మాట మారదు.

(తెర మీద: అలిపిరి మెట్ల దారి)

ఒకాయన ఉన్నాడనుకోండి. వారం వారం అలిపిరిలో మొదలుపెట్టి 3,550 మెట్లూ ఎక్కుతాడు. పైన దర్శనం లైను వైపు కూడా చూడడు. గోపురానికి దండం పెట్టి బస్సెక్కి దిగొచ్చేస్తాడు. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ అర్థం కాదు. ఈ మాట అచ్చంగా ఆయన కోసమే పుట్టినట్టుంటుంది.

తిక్కలోడు వేరు. వాడికి ఎప్పుడు రేగుతుందో తెలీదు, జనం కాస్త దూరంగా ఉంటారు. మాలోకం అంటే పక్కన పెళ్లి జరుగుతున్నా పట్టనివాడు. ‘తేడా’ అనే మాట ఒకటుంది. అది మనుషుల్ని కించపరచడానికే వాడుతున్నారు, నా వీడియోలో దానికి చోటు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. చివరున్న ‘లే’ని గమనించండి. పెళ్లికొచ్చిన పెద్దాయన చదివింపులు ఇచ్చి, అన్నం తినకుండా వెళ్లిపోయాడు. పెళ్లికొడుకు నాన్నకి మొహం మాడింది. పక్కాయన, ‘ఆయప్ప అదో రకంలే, వదిలేయ్ బ్బా’ అన్నాడు. అంతే, తగువు అక్కడితో ఆగిపోయింది. ‘లే’ ఉంటే తప్పు మాఫీ అయినట్టే.

‘ఆయప్ప రకమే వేరు’ అంటే మాత్రం మెచ్చుకోలు. మొహం మీద ‘నువ్వదో రకం బ్బా’ అనాలంటే బాగా చనువుండాలి.

(తెర మీద: వీధి అరుగు, ఇద్దరు పెద్దవాళ్లు)

‘లే’ తీసేసి, గొంతు తగ్గించి అన్నారా, జాగ్రత్త. పెళ్లి సంబంధం విచారించడానికి పక్కూరి నుంచి వచ్చినవాళ్లతో ఎవరో ‘పిల్లోడు... అదో రకం’ అంటారు. తాగుతాడా, అప్పులున్నాయా, లేక రాత్రిళ్లు పుస్తకాలు చదువుతాడా? వచ్చినవాళ్లు అడగరు, అన్నాయన చెప్పడు. కాఫీ తాగి లేస్తారు. పిల్లోడికి ఆ సంబంధం ఎందుకు తప్పిందో ఎప్పటికీ తెలీదు.