బియేహో: ముసలీ, ముసలాయనా

శ్రోతలకు నమస్కారం. స్పానిష్‌లో ‘బియేహో’ అని ఒక మాట ఉంది. రాసేటప్పుడు మొదటి అక్షరం ‘వి’ అయినా పలకడం ‘బ’తోనే. చివరి ‘హో’ గొంతులోంచి కాస్త గరుకుగా రావాలి.

మనం మనుషులను ముసలి అంటాం, వస్తువులను పాత అంటాం. బియేహో రెంటికీ చెల్లుతుంది. ‘ఉన్ కోచే బియేహో’ పాత కారు. ‘ఉనా కాసా బియేహా’ పాత ఇల్లు. కాసా స్త్రీలింగం కాబట్టి చివర ‘హా’ వచ్చింది.

ఇక్కడ అది విశేషణం. మరి నామవాచకం కావాలంటే? ముసలికి మనం చివర తగిలిస్తాం: ముసలాయన, ముసలావిడ. వాళ్ళు ముందు తగిలిస్తారు: ‘ఎల్ బియేహో’, ‘లా బియేహా’, ఎక్కువమందైతే ‘లోస్ బియేహోస్’. రెండు కార్లలో పాతది కావాలన్నా ‘ఎల్ బియేహో’ అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో ‘ది ఓల్డ్ వన్’ అనే అలవాటు కొద్దీ చివర ‘ఉనో’ (ఒకటి) చేర్చేవాళ్ళుంటారు, అది తప్పు. ‘లో బియేహో’ అంటే మాత్రం పాతదంతా అని. దీనికి స్త్రీలింగమూ బహువచనమూ లేవు, మనుషులకు వాడరు.

జాగ్రత్త పడాల్సిన చోటు ఇంకొకటి ఉంది. ‘ఎస్ బియేహో’ అంటే ఆయనకు వయసైపోయింది అని. మధ్యలో ‘ఉన్’ చేర్చి ‘ఎస్ ఉన్ బియేహో’ అన్నారా, విశేషణం కాస్తా నామవాచకమై ‘వాడో ముసలాడు’ అన్నట్టు వినిపించవచ్చు. తెలియని పెద్దల గురించి చెప్పేటప్పుడు ‘పెర్సోనా మయోర్’ అనడమే మర్యాద. అదే అర్జెంటీనాలో ‘మి బియేహో’ అంటే మా నాన్న, ‘మి బియేహా’ అంటే మా అమ్మ. ఇంట్లో చనువుగా అనుకునే మాటలవి. మెక్సికోలో భర్త ‘మి బియేహా’ అంటే మా ఆవిడ అని. దేశం తెలియకుండా అనువాదం చేస్తే అమ్మ కాస్తా ఆలి అయిపోతుంది!

విశేషణం చోటు మారినా అర్థం మారుతుంది. ‘ఉన్ అమీగో బియేహో’ వయసు మళ్ళిన స్నేహితుడు. ‘ఉన్ బియేహో అమీగో’ ఎన్నాళ్ళుగానో ఉన్న స్నేహితుడు, అతనికి పాతికేళ్ళే ఉండవచ్చు.

ఇప్పుడు ఒక పేరు చూద్దాం. క్యూబా రాజధాని హవానాను స్పానిష్‌లో ‘లా హబానా’ అంటారు. అక్కడ, 1982లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన పాత పట్టణం ‘లా హబానా బియేహా’. ‘లా’ ఉంది కదా, ముసలావిడ అనుకోవద్దు. ఆ ‘లా’ హబానాది. బియేహా దాని వెనక నిలబడ్డ విశేషణం.