పువ్వు పడ్డ కంటికి కోత ఎంత మేర?

శ్రోతలకు నమస్కారం.

అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో చెనిక్కాయ కట్టె దులిపే కాలంలో ఎగిరిన పుల్ల ఒకటి నల్లగుడ్డుకు గీసుకుంటుంది. ఆ గీత వెంట బూజు, అంటే ఫంగస్, లోపలికి పోతుంది. కొన్నాళ్లకు నొప్పి, నీళ్లు కారడం, బూడిదరంగు మచ్చ. పువ్వు పడిందంటాం. ఆ పువ్వు ముదిరి చిల్లు పడితే చేసే ఆపరేషన్ గురించి ఈ పూట చెబుతాను.

నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర కార్నియా. అడ్డంగా 11, 12 మిల్లీమీటర్లు, నడుమ మందం అర మిల్లీమీటరు. చిల్లు 2 మిల్లీమీటర్ల లోపైతే జిగురు పూసి, పైన కాంటాక్ట్ లెన్స్ పెట్టి కొన్నాళ్లు ఆపవచ్చు. అది దాటితే చెడిన పొర తీసి, నేత్రదాత ఇచ్చిన కార్నియా కుట్టాలి.

చిల్లు పడ్డ కన్ను మెత్తగా ఉంటుంది. గట్టిగా నొక్కితే లోపలి లెన్స్ బయటికి వచ్చేస్తుంది. అందుకే చాలాసార్లు పూర్తి మత్తు ఇస్తారు. గుండ్రటి కత్తితో పైపైన గాటు పెట్టి, మిగతాది సన్న కత్తెరతో కోస్తారు. మచ్చ అంచు దగ్గర ఆగరు, చుట్టూ ఓ మిల్లీమీటరు మంచి పొర కూడా తీస్తారు. బూజు పోగులు కంటికి కనబడని చోటికీ పాకి ఉంటాయి మరి. మచ్చ 6 మిల్లీమీటర్లుంటే కోత 8. మచ్చ 9 అయితే కోత తెల్లగుడ్డు అంచుకు చేరుతుంది. అక్కడ రక్తనాళాలుంటాయి, కొత్త పొరను ఒళ్లు తిప్పికొట్టే భయం ఎక్కువ. ఆలస్యమయ్యేకొద్దీ ఈ కోతే పెరుగుతుంది.

లోపలి చీము కడిగేస్తారు. లెన్స్ బాగుంటే ముట్టుకోరు, కంటి వెనక గదికి బూజు చేరకుండా అదే గోడ. దాత పొరను ఆ కోత కన్నా అర మిల్లీమీటరు పెద్దగా కోసి, వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో సాధారణంగా 16 కుట్లు వేస్తారు. ముడులు పొర లోపలికి తిప్పి దాచాలి. పైన మిగిలితే గుచ్చుకుంటాయి, ఆ దారిన నాళాలూ పెరుగుతాయి. తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపుతారు. ఈ ఆపరేషన్‌తో ముందు దక్కేది కన్ను. చూపు కోసం తర్వాత ఇంకో ఆపరేషన్ కావలసి రావచ్చు.

ఇంతదాకా రావడానికి తరచుగా కారణం ఇంట్లో మిగిలిన పాత చుక్కలు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, తగ్గిందనుకుంటాం. లోపల బూజుకు అడ్డు లేకుండా పోతుంది. స్టెరాయిడ్ చుక్కలు వేయకండి. ఆకు పసరు, చనుబాలు కూడా వద్దు.

పుల్ల తగిలిన కన్ను నలపకుండా, వీలైతే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి. మచ్చ గీకి, సూక్ష్మదర్శినిలో చూసి, బూజే అని తేలితే ఎక్కువగా నాటమైసిన్ 5 శాతం చుక్కలు రాస్తారు. మొదట్లో గంట గంటకూ వేయాలి. మందు సీసా అడుగున పేరుకుంటుంది, ప్రతిసారీ బాగా కుదపండి. కంట్లో తెల్లగా పేరుకుంటే చీము అనుకుని మానేస్తారు చాలామంది. ఆ తెలుపు మందుదీ కావచ్చు, డాక్టరును అడగకుండా మానకండి. అప్పటికే వేరే చుక్కలు వేసి ఉంటే, ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లి చూపించండి.