మద్రాసులో ఇంటి దగ్గరి టీబీ వైద్యం

అందరికీ నమస్కారం.

టీబీకి మందుల్లేని రోజుల్లో వైద్యమంటే మంచి గాలి, పాలూ గుడ్లూ, నెలల తరబడి మంచం. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం (టీబీ రోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రి) వెలసింది ఆ నమ్మకంతోనే. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్, పాస్, 1952లో ఐసోనియాజిడ్ అనే టీబీ మందులు వచ్చాయి. అయినా రోగిని శానిటోరియంలో పెట్టాల్సిందేనన్న పట్టు సడలలేదు. చూస్తే రోగులు లక్షల్లో, పడకలు వేలల్లో.

1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ (అంటే మందులతో వైద్యం) సెంటర్ పెట్టి, బ్రిటిష్ డాక్టర్ వాలెస్ ఫాక్స్ ఆధ్వర్యంలో ఆ పట్టునే పరీక్షకు నిలబెట్టారు. నగరంలోని పేద రోగులు 193 మంది. ఎవరు శానిటోరియంకు, ఎవరు ఇంటికి అన్నది లాటరీ తీసినట్టు తేల్చారు. డాక్టరుకే వదిలేస్తే జబ్బు ముదిరినవాళ్లను శానిటోరియంకే పంపేవాడు, ఇక పోల్చడానికేం మిగిలేది? మందులు మాత్రం అందరికీ అవే: ఐసోనియాజిడ్, పాస్, ఏడాది పాటు.

ఇంటి దగ్గర ఉన్నవాళ్లవి ఇరుకు గదులు, చాలీచాలని తిండి. పాస్‌ను రోజూ గ్రాముల లెక్కన మింగాలి, కడుపులో తిప్పేస్తుంది. వేసుకున్నారో, పారేశారో ఎలా తెలుస్తుంది? చెప్పకుండా ఇంటికెళ్లి మిగిలిన మందులు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించేవారు. నన్నడిగితే ఈ ట్రయల్ నిలబడింది ఆ చాకిరీ మీదే.

1959లో ఫలితాలు అచ్చయ్యాయి. శానిటోరియం వాళ్లు బరువు బాగా పెరిగారు. కళ్లెలో క్రిములు పోవడంలో మాత్రం రెండు వైపులా పెద్ద తేడా లేదు. ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందేమోనని అందరికీ టెన్షన్ కదా, ఆ కుటుంబాలనూ ఏళ్ల తరబడి గమనించారు. రోగి ఇంట్లోనే ఉన్నంత మాత్రాన అక్కడ జబ్బు ఎక్కువేమీ రాలేదు. అంటాల్సింది చాలావరకు జబ్బు బయటపడకముందే అంటేస్తుంది, మందు పడ్డాక అంటించే గుణం త్వరగా తగ్గుతుంది.

అయితే తిండి అక్కర్లేదా? ఆ తొందర వద్దు. మద్రాసు ట్రయల్ చెప్పింది మందు సరిగా వేసుకున్న రోగి గురించి. పక్కన పడుకునేవాళ్ల తిండి సంగతి ఝార్ఖండ్‌లోని 4 జిల్లాల్లో చేసిన రేషన్స్ ట్రయల్ చూసింది. 2023లో వెలువడింది. రోగులందరికీ సరుకులిచ్చారు. సగం చోట్ల ఇంట్లోవాళ్లకు కూడా, పెద్దలకైతే తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది.